బాబాయ్ డబ్బాలో ఏముంది

మార్చి 3, మంగళవారం

ఇవాళ బాబాయ్ అన్నం నేను తినేశాను.

దొంగతనం కాదు. అదైనా బాగుండేది. దొంగకి కనీసం తను ఎత్తుకెళ్లింది ఏంటో తెలుస్తుంది. నాకు ఇంటికొచ్చేదాకా తెలీదు. సంచీలోంచి నా డబ్బా తీస్తే బరువుగా ఉంది. మూత తీశాను. పొద్దున అక్క పెట్టింది పెట్టినట్టే ఉంది. చెంచాకి తడి కూడా అంటలేదు.

మరి మధ్యాహ్నం నేను తిన్నదేంటి?

అప్పుడు తెలిసింది.

గడియారం చేసిన పని ఇది. మా సైన్‌బోర్డుల షాపు ఓనర్‌కి ఆ పేరు నేనే పెట్టాను, వాచీ చూడకుండా ఒక్క మాట మాట్లాడడు కాబట్టి. పోయిన నెల మా భోజనాల బల్ల లాక్కుని దాని మీద బోర్డులు ఆరబెడుతున్నాడు. బల్ల ఉంటే తిండికి కూర్చున్నవాళ్లు కుండీలో మొక్కల్లా పాతుకుపోతారట. అప్పట్నుంచీ కుడిచేతిలో బ్రష్, ఎడమచేతిలో చెంచా. డబ్బాలన్నీ రంగు డబ్బాల అరలో. షాపు పెట్టి పదేళ్లయిందని అందరికీ ఒకే రకం స్టీలు డబ్బాలు పంచిన మహానుభావుడు కూడా వాడే. షాపులో అందరూ బాబాయ్ అని పిలిచే పెద్ద పెయింటర్ తన మూత మీద నీలం చుక్క పెట్టుకున్నాడు. కళ్లున్నవాళ్లకి కనపడుతుంది.

నేను చెప్పుల షాపు బోర్డు మీద ఉన్నాను. రేపు సాయంత్రం డెలివరీ. చెయ్యి వెనక్కి చాపాను, దొరికిన డబ్బా తీశాను, తిన్నాను, మూత పెట్టి అరలో పెట్టేశాను. ఒక్కసారి కూడా అటు చూడలేదు.

బాబాయ్ కొలతలకి బయటికెళ్లి అప్పుడే వచ్చాడు. రోజూలాగే బకెట్ బోర్లించుకుని కూర్చుని, డబ్బా ఒళ్లో పెట్టుకుని మూత తీశాడు. లోపల ఖాళీ, వాడిన చెంచా. కాసేపు చూసి, "తినేసే వెళ్లానా ఏంటి?" అన్నాడు.

కటింగ్ మెషీన్ వాడు, రెండో ట్రిప్పుకి వంట చేయించమంటారా బాబాయ్ అన్నాడు. అందరం నవ్వాం. గట్టిగా నవ్వింది నేనే.

మధ్యాహ్నం హోటల్ బోర్డు మీద ఆయన గీస్తున్న పెద్ద సున్నా ఒక పక్కకి జారింది. ఆకలి. ఆ ఆకలి నా కడుపులో ఉంది.

మార్చి 4, బుధవారం

చెప్పలేదు. పొద్దున నోరు తెరిచాను. బయటికొచ్చిన మాట, "బ్రష్‌లు కడగమంటారా బాబాయ్?"

మార్చి 5, గురువారం

ఇది చిన్న విషయం అనుకున్నాను. ఒక పూట అన్నం. ఎదురుగా వెళ్లి సారీ బాబాయ్ అనేస్తే, ఆయన నా నెత్తిన ఒక మొట్టికాయ వేస్తే అయిపోయేది. రెండు రోజులు ఆలస్యం చేశాను. ఇప్పుడది చిన్న విషయం కాదు.

రంగు కలుపుతూ బాబాయే చెప్పాడు. మంగళవారం వాళ్లావిడ రోజూ పెట్టేది కాకుండా వేరే ఏదో పెట్టిందట. సాయంత్రం ఎలా ఉందని అడిగిందట. ఈయన బాగుందన్నాడు. ఏం పెట్టానో చెప్పండి అందట. చెప్పలేకపోయాడు. ఆవిడ ముందు ఎగతాళి అనుకుంది. తర్వాత ఆవిడ మొహం మారిపోయిందట. నేను చెప్పను, మీకు మీరుగా గుర్తు తెచ్చుకోండి అని లేచి వెళ్లిపోయిందట.

బాబాయ్ వాళ్లన్నయ్యకి మతిమరుపు ఇలాగే మొదలైంది. అన్నం తిని తినలేదనేవాడు. చివరికి భార్యని ఎవరమ్మా నువ్వు అని అడిగాడు.

ఇదంతా నవ్వుతూనే చెప్పాడు. కలిపే పుల్ల మాత్రం డబ్బాలో ఆగిపోయింది. అదే ఆ క్షణం. అప్పుడు చెప్పాల్సింది. సరిగ్గా అప్పుడే గడియారం వచ్చాడు, వాచీ చూశాడు, హోటల్ బోర్డు ఇక నేను చేయాలన్నాడు. పెద్దాయన కొంచెం రెస్ట్ తీసుకుంటాడట.

రెండేళ్లుగా పెద్ద బోర్డు కోసం చచ్చిపోతున్నాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు నేను. మూసిన షట్టర్ల ముందు నిలబడి అక్షరాలు వేలితో గాల్లో గీసుకుని నేర్చుకున్నాను. చేరిన రోజు నా గీత చూసి గడియారం నవ్వాడు. బాబాయ్ నవ్వలేదు. బ్రష్ మీద నా వేళ్లు అంగుళం వెనక్కి జరిపి వెళ్లిపోయాడు, అంతే. ఆ అంగుళంతోనే ఇవాళ్టికీ బతుకుతున్నాను.

బాబాయ్ బోర్డు గడియారం నాకిస్తుంటే "థాంక్స్ సార్" అన్నాను.

ఛీ.

మార్చి 7, శనివారం

పెద్ద బోర్డు మొదలుపెట్టాను. బాగా వస్తోంది. అదే భరించలేకపోతున్నాను.

మార్చి 9, సోమవారం

బాబాయ్ మానేస్తున్నాడు. శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి షాపు తాళాలు ఇచ్చేస్తాడట. నిచ్చెనెక్కాక ఎందుకెక్కానో మర్చిపోతే కింద నడిచేవాళ్ల గతేంటి అన్నాడు. గడియారం అయ్యో అయ్యో అన్నాడు. ఆ అయ్యోలో ఎంత ఆనందముందో నాకు తెలుసు. ఆయన పోతే ఇక చేతిరాత బోర్డులు ఎవరూ అడగరు, అన్నీ మెషీన్ మీద కొట్టేయొచ్చు.

వాణ్ణి తిడుతూ ఇంటిదాకా నడిచాను. సందు మలుపులో తిట్లు అయిపోయాయి. మిగిలింది నేను.

మార్చి 10, మంగళవారం, మధ్యాహ్నం

చెప్పేశాను.

గోడౌన్‌లో పట్టుకుని, తలుపు దగ్గరికేసి, ఒక్క ఊపులో చెప్పాను. ఆ రోజు మీ అన్నం తిన్నది నేను బాబాయ్. మీరు మర్చిపోలేదు. మీరసలు తినలేదు. గుర్తుండటానికి ఏముంది.

తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. నా వైపు జాలిగా చూశాడు. నా వైపు! నా భుజం తట్టి, మంచిదానివే పిల్లా అన్నాడు. ముసలాడి పరువు కాపాడటానికి అబద్ధం ఆడుతున్నాననుకున్నాడు.

ఒట్టేశాను. గొంతు పెంచాను. అప్పుడు అడిగాడు.

"సరే, తిన్నావు కదా. ఏముంది అందులో?"

నోరు తెరిచాను. ఏమీ లేదు. అన్నమా, రొట్టా? కూరా, గుడ్డా? కారమా, చప్పనా? వెతికాను. నా నోట్లోకి వెళ్లి, నా కడుపులో అరిగి, నా ఒంట్లో కలిసిపోయిన తిండి. దాని జాడ ఎక్కడా లేదు. ఆ పూట నేను గీసిన ప్రతి అక్షరం చెప్పగలను. తిన్నది చెప్పలేను.

"చూశావా," అని తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.

నేరం ఒప్పుకున్నా నమ్మరు. సాక్ష్యం నేనే మింగేశాను.

మార్చి 10, సాయంత్రం

అక్కకి చెప్పాను. అక్క అరవలేదు. గిన్నె తోముతూనే, వేరేవాళ్ల వంటకీ నా వంటకీ నీకు తేడా తెలీలేదా అంది. పొద్దున్నే లేచి నీకు డబ్బా కడుతున్నాను కదే, సంచీలో రాళ్లు పెట్టినా తినేసేదానివన్నమాట అంది.

బావ నవ్వబోయి ఆగాడు.

నేరాలు రెండయ్యాయి.

మార్చి 11, బుధవారం

బాబాయ్ పక్కన నేనూ బకెట్ బోర్లించుకున్నాను. అడగలేదు, ఆయన వద్దనలేదు.

ఫోన్‌లో ఒక రీల్ చూశాను పొద్దున. తెల్లబట్టల ఆవిడ, తెల్లటి గోడ, తెల్లటి గిన్నె. శ్వాస మీద ధ్యాస పెట్టి నమలండి, మీలో సృజన మేల్కొంటుంది అంటోంది. ఆవిడకి గడియారం లాంటి ఓనర్ లేడు. ఫోన్ విసిరేయబోయి ఆగాను, ఇంకా కట్టాల్సిన కంతులున్నాయి.

బాబాయ్ అలాంటివేం చెప్పడు. ఒక్కటే చెప్పాడు. నోట్లో ముద్ద ఉండగా చెంచా చేతిలో ఉంచకు, కింద పెట్టు. అంతే. ఎంత కష్టమో! చెయ్యి ఊరికే వెళ్లి చెంచా పట్టుకుంటుంది. నాకంటే ముందు నా చేతికి తొందర. మూడో ముద్దకి కోపమొచ్చింది. ఆరో ముద్దకి ఏడుపొచ్చింది. తర్వాత అన్నంలో అక్క వేసిన మిరియం తగిలింది. ఒకటే మిరియం. ఎప్పట్నుంచి వేస్తోందో.

ఆయన ఎందుకు పొద్దున నిలువు గీతలే గీస్తాడో, వంపులన్నీ తిన్న తర్వాతకి ఎందుకు దాచుకుంటాడో ఇవాళ తెలిసింది. తిన్నాక డబ్బా కడిగి బోర్డు ముందు నిలబడితే చెయ్యి నన్ను లాగలేదు. నేను చెప్పిన చోటికి వచ్చింది. ఆ జారిన సున్నా గీకేసి మళ్లీ వేశాను. ఒక్క ఊపిరిలో గుండ్రంగా కూర్చుంది. బాబాయ్ దూరం నుంచి చూసి తలూపాడు.

మేం తింటున్నప్పుడు గడియారం వచ్చి ఇదేం పిక్నిక్కా అన్నాడు. నోట్లో ముద్ద ఉంది. మింగాకే జవాబు చెప్పాను. ఆ జవాబు ఇక్కడ రాయను, అక్క చదివితే బాగోదు.

మార్చి 11, సాయంత్రం

మిరియం కొరికినప్పుడు పంటికింద చప్పుడైంది. చిటుక్కుమని.

ఆ రోజు కూడా ఏదో చిటుక్కుమంది. ఒకసారి కాదు, వరసగా, చిన్నచిన్నగా. రుచి గుర్తులేదు, చప్పుడు ఉంది. ఇంకోటి కూడా. బోర్డు మీద తడిరంగులో ఏదో నలకలు పడితే బ్రష్ కొసతో తీసేశాను. దుమ్మనుకున్నాను.

అన్నీ తీశానా?

మార్చి 12, గురువారం

చెప్పుల షాపు వాళ్లకి బోర్డు స్క్రూలు చూడాలని అబద్ధం చెప్పి నిచ్చెన వేయించుకున్నాను. ముక్కు ఆనించి ఒక్కో అక్షరం వెతికాను. కింద జనం ఆగి చూస్తున్నారు. చూడనీ.

చివరి అక్షరం కడుపులో ఉంది. ఎర్రరంగులో సగం మునిగి, పైన వార్నిష్ కప్పుకుని, ఒక నువ్వుగింజ. మర్నాడు పొద్దున దాని మీద వార్నిష్ వేసింది కూడా నేనే. అప్పుడూ చూడలేదు.

మా ఇంట్లో నువ్వులు ఉండవు. బావ తింటే ఒళ్లంతా దద్దుర్లు. ఆ బోర్డు మొదటి గీత నుంచి వార్నిష్ దాకా నాదే, బాబాయ్ ముట్టుకోలేదు.

నిచ్చెన మీదే ఏడ్చాను. షాపువాడు భయపడి, స్క్రూ అంతగా పాడైందా అమ్మా అన్నాడు.

పరిగెత్తి వచ్చేసరికి బాబాయ్ వెళ్లిపోయాడు. రేపు డాక్టర్ దగ్గరికట, పనికి రాడు. ఫోన్ ఎత్తట్లేదు. ఆయన డబ్బా అరలోనే ఉంది. రేపు సాయంత్రం వాళ్లావిడ వచ్చి తీసుకెళ్తారట.

మార్చి 13, శుక్రవారం

ఈ పేజీ చింపి మీ డబ్బా మూత కింద పెడుతున్నాను. నోటిమాట మీరు నమ్మలేదు కాబట్టి.

బాబాయ్, ఆ రోజు మీ డబ్బాలో నువ్వులున్నాయి. అవునో కాదో ముందు పిన్నిగారిని అడగండి. చెప్పుల షాపు బోర్డు చివరి అక్షరంలో అంటుకున్న గింజ గీకి తేలేదు, తెస్తే ఎక్కడిదో అంటారు. ఉన్నచోటే ఉంది. రేపు చెప్పుల షాపు ముందు నిచ్చెన పట్టుకుని ఉంటాను. మీరు ఎక్కి చూడాలి. ఎందుకెక్కారో మర్చిపోతే కింద నుంచి నేను అరుస్తాను.

డబ్బా ఖాళీగా పంపట్లేదు. ఇవాళ వంట నేనే చేశాను, అక్కని పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. కూర్చుని తినండి. చెంచా కింద పెడుతూ తినండి. అందులో ఏమేం ఉన్నాయో ఒక్కోటీ మీరే నాకు చెప్పాలి.

గడియారానికి తాళాలు ఇచ్చే ముందే. రేపు పన్నెండులోపు.