తేనె లేని జాడీ

నాగర్‌కర్నూల్,
ఆదివారం.

అమ్మకు,

నిరోష ప్రేమతో రాసేది. నేనూ సాంసనూ ఇక్కడ బాగున్నాం. లింగాలలో నువ్వు కూడా ఏ దిగులూ లేకుండా ఉన్నావని అనుకుంటున్నాను. ఫోన్లో నీకు వినబడక ఇద్దరం అరుచుకునేకన్నా ఈ ఉత్తరాలే నయం. కాగితం మీద నీ తిట్లు కూడా ముద్దుగా ఉంటాయి.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నీ మోకాళ్ళకు రాసుకునే నూనె కొన్నాను, పంపిస్తాను. సాంసన్ ఆటోకు కొత్త టైరు వేయించాడు. నేను జిరాక్స్ షాపులో పని మానేశానని నీకెవరు చెప్పారో గానీ శుద్ధ అబద్ధం.

ఇక వారపత్రికలో వస్తున్న రోమన్ సీరియల్ సంగతి. నీ పోయిన ఉత్తరం ముప్పావు భాగం దాని గురించే. సాంసన్‌కు చదివి వినిపించబోతే, అతను ఒక్క వారం కూడా చదవలేదాయె, ముందు కథంతా చెప్పాల్సి వచ్చింది. రెండు వేల ఏళ్ళ కిందట సముద్రపు ఒడ్డున ఒక చిన్న రోమన్ పట్టణం. గుడిలో వెండి కలశం మాయమైంది. తాళాలు ఉండేది దీపాలు వెలిగించే బానిస పిల్ల ఇరేనె దగ్గర. అందుకని ఆమెను గనుల్లో చాకిరీకి పంపమని తీర్పు. ఊళ్ళోవాళ్ళకు ఉత్తరాలు రాసిపెట్టి బతికే సబీనా ఒక్కతే ఆ పిల్ల దొంగ కాదని నమ్మి, అసలు దొంగ కోసం వెతుకుతోంది. ఇక మిగిలింది చివరి భాగం. ఇదంతా చెప్పాక నీ మాటలు చదివాను:

"బిడ్డా, నువ్వు జర ఆ రాసే సరితమ్మకు తెలియజెయ్యి. గుడి గుమాస్తా మార్కసే దొంగ. నిండా తేనె ఉన్న జాడీని కలశం పోయిన దినమే ఒక్కడు భుజానికెత్తుకొని గుడి మెట్లు దిగిండంట. నడుమంత ఎత్తు జాడీ! గంత జాడీల నూనె ఉన్నా ఒక్కనితోని కాదు, తేనె ఇంకా బరువు. అండ్ల తేనె లేదు, కలశం ఉంది. ఏ తప్పూ చెయ్యని పిల్లను గనులకు పంపుతుంటే నాకు రెండు దినాల సంది అన్నం పోతలేదు."

సాంసన్ ఎగిరి గంతేశాడు. "అత్తమ్మ పోలీసుల ఉండాల్సింది!" అన్నాడు. ఇరవై ఏళ్ళు అడవి సరుకులు కొనే కేంద్రంలో తేనె డబ్బాలు మోసినదానివి, నీ ముందు ఆ మార్కస్ ఎంత!

వెంటనే వనపర్తికి, పత్రిక ఎడిటర్ చంద్రశేఖర్ గారికి ఫోన్ చేశాను.

"సార్, సిపాయి కాదు, గుమాస్తా. జాడీల తేనె లేదు" అన్నాను.

ఆయన జాడీ బరువు సంగతంతా చెప్పించుకున్నారు. తర్వాత పెద్దగా నవ్వారు. "గింత మంచి సంగతి పెట్టుకొని గా సిపాయి కథ ఎందుకు పంపినవమ్మా? జల్ది రాసియ్యి."

అమ్మా, ఇక దాచలేను. ఆ సరిత నేనే.

డిగ్రీ రెండో ఏడు నేను తప్పిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వు పనినుంచి వచ్చావు, చీర కొంగంతా తేనె జిగురు. చదువు పుస్తకాల మధ్య నా కథల నోటుబుక్కు దొరికింది. "నేను డబ్బాలు మోసేది నువ్వు కథలు రాసుకోనీకా?" అని పొయ్యిలో పెట్టావు. ఇక రాయనని ఒట్టేయించుకున్నావు. ఆ ఒట్టు తొమ్మిదేళ్ళు నిలబెట్టాను. పోయిన ఏడు షాపులో ఎవరో కాపీలు తీయించుకున్న చరిత్ర పుస్తకంలో ఆ పట్టణం బొమ్మ చూశాను. ఆగలేకపోయాను. నీకు తెలియకూడదనే వేరే పేరు పెట్టుకున్నాను. నువ్వే ఆ పత్రిక తెప్పించుకుని, వారం వారం ఆ సరితమ్మను మెచ్చుకుంటూ రాస్తుంటే నాకు సంతోషమూ భయమూ రెండూ.

నేను ముందు రాసిన ముగింపులో దొంగ సిపాయి. కలశం బయటికెట్లా పోయిందో నాకే తెలియదు. ఎవరూ నమ్మరని చంద్రశేఖర్ గారు తిప్పి పంపారు. మంగళవారంలోగా వేరేది రాయకపోతే సీరియల్ ఆపేస్తామన్నారు. మార్కస్ జాడీ మోసిన వాక్యం నేను ఏ ఆలోచనా లేకుండా రాసింది. అది నా పొరపాటు. నువ్వు దాన్ని సాక్ష్యం చేశావు. నీ ఉత్తరం సోమవారం అందింది. ఒక్క పూటలో రాసి పంపాను.

చివరి భాగం ఈ ఉత్తరంతో పెడుతున్నాను. సబీనా తీర్పరి ముందు అలాంటి జాడీనే తేనెతో నింపించి, ఎత్తి చూపమని మార్కస్‌ను అడుగుతుంది. మిగతాది నువ్వే చదువు. ఇరేనె మాత్రం గనులకు పోదు. నువ్వు కడుపునిండా తిను.

వచ్చే ఆదివారం వనపర్తిలో పాఠకుల సభ పెడుతున్నారు. "వేదిక మీద నీకు కుర్చీ వేయిస్తమమ్మా" అన్నారు చంద్రశేఖర్ గారు. "ముగింపు చెప్పింది మా అమ్మ సార్, రెండు వేయించండి" అన్నాను. శనివారం సాంసన్ ఆటో తీసుకుని లింగాల వస్తాడు. ఒట్టు తప్పినందుకు తిట్టాలనుంటే దారి పొడుగునా అతన్ని తిట్టు, పాపం అలవాటే. కానీ రా అమ్మా. నువ్వు పక్కన లేకుండా నేను ఆ కుర్చీలో కూర్చోను.

ఇట్లు,
ఒట్టు తప్పిన నీ బిడ్డ,
నిరోష