ఒంటె సాలీడుది ఏ కులం?

ఓ కమలవ్వా, నేను, మనుమరాలు త్రివేణి మంచిగనే ఉన్నం. ఫోన్ల నువ్వు నన్ను మాట్లాడనియ్యవు, గందుకే కార్డు. ఒంటె సాలీడుకు విషం ఉంటదని, పోరిని కామారెడ్డికి తోలుకరమ్మన్నవు. విషం లేదు, నీకున్నంత అసలే లేదు. పోరి చదువుకు ఎల్లారెడ్డి దిక్కు ఒక్కటన్న దొరకాలెనట. రాళ్లు లేపి లేపి నా నడుం పోయింది.

నిన్న ఒక తండాల త్రివేణి, "ఈ జాతి ఎక్కడెక్కడున్నదో, ఎన్ని రకాలున్నదో రాసుకుంటున్నం" అన్నది. కులాల సర్వే అనుకోని ఒక ముసలామె నాకు కుర్చీ ఏసి, ఆధార్ కార్డు తెచ్చి, "మీది ఏ కులం పటేలా?" అని నన్నే అడిగింది. "అలిసిపోయినోళ్ల కులం" అన్న. నవ్వి, చాయ్ పెడ్తనని పిడకలు తీస్తుంటే, కుప్పలకెళ్లి సాలీడు ఉరికొచ్చి నా కుర్చీ కింద నీడకు జొర్రింది! "తాతా, కదలకు!" అని పోరి ఒర్రింది. నేనెక్కడ కదులుత? నా కులం ముందే చెప్పిన గదా.

డబ్బాల పట్టుకోని పోరి ఏడ్చుకుంట నవ్వింది. ఇగ డోంగ్లి దిక్కు ఇంకో రకం చూడాలెనట. నడుముకు నూనె సీసా పంపు. బర్రె ఈనిందా? దూడకు నా పేరు పెట్టకు. పోరి మొఖం చూసి నాకు వద్దనబుద్ధి కాలే, నువ్వు గూడ అనకు. అందరు సల్లగుండున్రి.

నీ ముసలోడు, గంగారాం