ఆకుపచ్చగా ఉండిపోయిన గడి

గాజువాక,
ఆదివారం మధ్యాహ్నం.

యశస్విని వాళ్ల నాన్నగారికి,

కుసుమ నమస్కరించి రాస్తున్నది. ఇంట్లో ముగ్గురం కులాసాగానే ఉన్నాం. ఆ మాట రాసేటప్పుడు ఇవాళ కాస్త చెయ్యి ఆగింది గానీ, మాలో ఎవరి ఒంటికీ ఏమీ కాలేదు కాబట్టి అబద్ధం కాదు. సముద్రం మీద మీరు కూడా ఒంట్లో బాగుండి, వేళకి తింటున్నారనుకుంటాను. అబ్బులు అన్నయ్య బుధవారం బయల్దేరి సింగపూర్‌లో మీ ఓడ ఎక్కుతున్నాడు. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తాను.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటారు. మీ ఓడ ఫోను నాలుగు ముక్కలకోసారి తెగుతుంది, తెగినప్పుడల్లా నా ధైర్యమూ తెగుతుంది. పైగా మీరు సగం వినగానే "సర్లే, పోనీలే" అనేస్తారు. ఇది పోనిచ్చే విషయం కాదు.

ముందు మీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. నీళ్ల మోటారు బాగైంది. లోపల తొండ చచ్చిపడి ఉంది, అంతే. అత్తయ్య మోకాళ్ల సంగతి అడిగారు. నూనె రాయించుకోమంటే "నాకేటైనాది, నడుత్తన్నాను కదా" అంటారు, గోడ పట్టుకుని నడుస్తూనే. యశస్విని పళ్ల క్లిప్పు నాలుగోసారి ఊడగొట్టుకుంది. చెరుకు ముక్క తినలేదట, చెరుకే దాని నోట్లోకి వచ్చిందట. నోరు మాత్రం అచ్చం మీదే.

ఇక చివర్లో మీరు ఒక మాట రాశారు. "ఆఫీసులో నువ్వు చేసిన షీటు ఎలా నడుస్తోంది, మా అలేఖ్య సాయం చేసిందా?" అని. ఈ ఉత్తరమంతా దానికి జవాబే. అలేఖ్య సాయం చేసింది. మీ చెల్లెలు ఏ తప్పూ చెయ్యలేదు. ఆ మాట ముందే రాసేస్తున్నాను, తరవాత మీకు ఎవరు ఏం చెప్పినా ఇది గుర్తుంచుకోండి.

అచ్యుతాపురంలో మా పని మీకు కొంత తెలుసు. రసాయనాల ట్యాంకు కడగడానికి మనిషిని లోపలికి దింపాలంటే, ముందు జగ్గయ్యగారు గొట్టం దింపి లోపలి గాలి చూడాలి. ఆ టెస్టు రెండు గంటలే చెల్లుతుంది. ఆ తరవాత మళ్లీ చూడకుండా ఎవరూ దిగకూడదు. ఇరవై ఏళ్లుగా ఆయన పద్ధతి ఒకటే. ట్యాంకు మూత పక్కన సుద్దముక్కతో టైము రాస్తారు, రెండు గంటలు కాగానే వచ్చి అరచేత్తో తుడిచేస్తారు. సుద్దరాత లేని ట్యాంకులోకి మా కూలీలు తల కూడా పెట్టరు. ఆ టైములన్నీ రాసుకు రావడానికి నేను రోజుకు ఆరుసార్లు ఎండలో షెడ్లన్నీ తిరిగేదాన్ని.

ఆ తిరుగుడు తప్పించుకుందామనే కంప్యూటర్లో షీటు మొదలుపెట్టాను. గడుల్లో అంకెలు వెయ్యడం నాకు వచ్చు. మనకి కావలసిన లెక్క అందులో లేకపోతే, నాలుగు వరసల స్క్రిప్టు రాసి కొత్త ఫంక్షన్ తయారుచేసుకోవచ్చని అలేఖ్యే చెప్పింది. మధురవాడ నుంచి రెండు బస్సులు మారి రెండు ఆదివారాలు వచ్చింది పాపం. టెస్టు చేసిన టైము వేస్తే, రెండు గంటల్లోపు అయితే పక్క గడి ఆకుపచ్చగా మారి "దిగొచ్చు" అంటుంది, దాటితే ఎర్రగా "ఆగు" అంటుంది. షీటు పైన మా కోసం ఒక మెనూ కూడా పెట్టింది, తెలుగులో. ఆ మెనూ చూసి నేను పొంగిపోయాను. ప్రతి షెడ్డులోనూ ఒక ట్యాబు వేలాడదీసి అందులో ఈ షీటు పెడితే చాలు, టెస్టు చేసినవాళ్లే టైము వేస్తారు, నాకు తిరుగుళ్లు ఉండవు.

మేనేజరు దేవీప్రసాద్ గారికి చూపించాను. ఆయన ఎర్రది, ఆకుపచ్చది రెండూ చూసి "ఇక ఆ సుద్దముక్కలు అక్కర్లేదన్నమాట" అన్నారు. "అక్కర్లేదు సార్" అన్నాను. మర్నాటినుంచి సుద్ద మాన్పించారు. జగ్గయ్యగారు ఒక్కసారే అడిగారు, "అమ్మా, టైమైపోతే దీనికదే తెలుత్తాదా?" అని. "తెలుస్తుంది బాబాయ్" అన్నాను.

పోయిన బుధవారం నాలుగో ట్యాంకులో సూరన్న పడిపోయాడు. పొద్దున తొమ్మిదీ పదికి టెస్టు జరిగింది. భోజనాలయ్యాక ఒంటిగంటకు మళ్లీ దిగాడు, మధ్యలో ఎవరూ గాలి చూడలేదు. జగ్గయ్యగారే ఊపిరి సిలిండరు తగిలించుకుని దిగి, అతని చంకల్లో తాడు వేసి పైకి లాగించారు. అరవైకి దగ్గరపడిన మనిషి. సూరన్న బతికాడు. ఇంకా తలనొప్పి అంటున్నాడు గానీ శుక్రవారం నాడు భార్యని పేరు పెట్టి పిలిచాడు.

కంపెనీ వాళ్లు జగ్గయ్యగారిని ఇంట్లో కూర్చోమన్నారు. షీటు "ఆగు" అని ఎర్రగా చూపిస్తుంటే చూడకుండా మనిషిని దింపాడని ఆయన మీద నింద. ఆయన ఒకటే మాట మీద ఉన్నారు. "పచ్చగున్నాది బాబూ. నాను బువ్వకెల్నప్పుడు పక్క షెడ్డులో గాలి సూసేటాయన టెస్టు సేసుంటాడు, అందుకే పచ్చగున్నాది అనుకుని దిగరా అన్నాను. టైమంకి సూడనేదు, రంగు మాత్రం నా కల్లతో సూసినాను." ఎవరూ నమ్మలేదు. ముసలాయనకి రంగులు తెలియడం లేదని క్యాంటీన్లో నవ్వుకున్నారు. మంగళవారం పొద్దున తొమ్మిదింటికి విచారణ. ఆ రోజుతో ఆయన పని పోతుంది. పని పోవడం ఒక ఎత్తు, మనిషిని చంపబోయాడన్న మాట మోస్తూ ఊళ్లోకి వెళ్లడం ఇంకో ఎత్తు.

ఇంతవరకూ రాసి లేచి బియ్యం కడిగి వచ్చాను. మళ్లీ కూర్చున్నాను. ఇప్పుడు రాయాల్సింది రాస్తాను.

ఆయన చూసింది నిజమే. అది ఆకుపచ్చగానే ఉంది.

అలేఖ్య రెండో ఆదివారం వెళ్లేటప్పుడు చెప్పులు వేసుకుంటూ చెప్పింది. "వదినా, ఒకటి గుర్తుపెట్టుకో. ఈ ఫంక్షన్ తనంతట తాను గడియారం చూసుకోదు. నువ్వు టైము మారిస్తేనో, మెనూలో 'మళ్లీ చూడు' నొక్కితేనో లెక్క కడుతుంది. లేకపోతే పొద్దున చెప్పిందే చెబుతూ కూర్చుంటుంది. నిమిషానికోసారి అదే చూసుకునేలా నేను వచ్చే ఆదివారం పెడతాను. అందాకా ఎవరికీ ఇవ్వకు." విన్నాను. బాగానే విన్నాను. కానీ ఆ గురువారమే దేవీప్రసాద్ గారు షీటు చూస్తానన్నారు. రెండు గంటలకోసారి ఎవరో ఒకరు నొక్కాలని చెబితే, ఈ మాత్రం దానికి నీ షీటు ఎందుకు, సుద్దముక్కే నయం కదా అంటారేమోనని చెప్పలేదు. తరవాత అలేఖ్యకి ఫోన్ చేసి "నువ్వు రావద్దులే, అంతా నడిచిపోతోంది" అన్నాను. ప్రతిదానికీ ఆడపడుచుని అడిగే వదినలా ఉండటం నాకు నచ్చలేదు. అదీ నా గొప్ప.

ఇంకోటి ఉంది. బుధవారం సైరన్ మోగింది. నాలుగో ట్యాంకులో మనిషి పడిపోయాడని రేడియోలో అరిచారు. నా ఎదురుగా కంప్యూటర్లో నాలుగో గడి ఆకుపచ్చగా "దిగొచ్చు" అంటోంది. పక్కన టెస్టు టైము తొమ్మిదీ పది. గోడ గడియారం ఒంటిగంటా ఇరవై అయిదు. నా చెయ్యి మెనూ మీదికి వెళ్లి "మళ్లీ చూడు" నొక్కింది. ఇక్కడ గడి ఎర్రబడితే షెడ్డులో ట్యాబుమీద కూడా ఎర్రబడుతుంది. ఇంకెవరూ దిగకూడదనే నొక్కానని నాకు నేనే చెప్పుకున్నాను. అది సగమే. మిగతా సగం ఏమిటో మీకు తెలుసు. రెండు నిమిషాలకు దేవీప్రసాద్ గారు పరుగున వచ్చి, ఎర్రగడి చూసి, "చూశారా, షీటు ఆగమనే చెబుతోంది" అన్నారు. నేను నోరు విప్పలేదు. ఆ రోజూ విప్పలేదు, మర్నాడూ విప్పలేదు, ఇవాళ్టిదాకా విప్పలేదు. ఎవరు ఎప్పుడు ఏం చేశారో షీటు తనలో రాసుకునే చరిత్రలో, నేను నొక్కినట్టు నిమిషంతో సహా ఉంటుంది. అక్కడ వెతకాలని తెలిసింది మా ఆఫీసులో నాకొక్కదానికే.

నాకు భయంగా ఉంది. పని పోతుందని భయం, పోలీసులంటే భయం, యశస్విని బళ్లో ఏమంటారోనని భయం. మీరు ఇక్కడ లేరన్న కోపం కూడా ఉంది, అది మీ తప్పు కాకపోయినా. మంగళవారం ఏం చేస్తానో ఇప్పుడు రాయను. చేశాకే రాస్తాను.

మంగళవారం సాయంత్రం.

పొద్దున తొమ్మిదికి అయిదు నిమిషాలు ఉందనగా విచారణ గదికి వెళ్లాను. నన్నెవరూ పిలవలేదు. దేవీప్రసాద్ గారు, పై ఆఫీసు నుంచి వచ్చిన ఇద్దరు, ఒక కుర్చీలో జగ్గయ్యగారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. "ఒక్క ట్యాబు తెప్పించండి సార్, నేను ఒకటి చూపించాలి" అన్నాను.

నాలుగో ట్యాంకు పక్కన టెస్టు టైము సరిగ్గా తొమ్మిది అని వేశాను. గడి ఆకుపచ్చ అయింది. "దీన్ని ఎవరూ ముట్టుకోకండి. పదకొండు దాటేదాకా మనమంతా ఇక్కడే ఉందాం" అన్నాను. వచ్చిన వాళ్లలో ఒకాయన విసుక్కున్నారు. దేవీప్రసాద్ గారు నా మొహం చూసి ఆయన్ని కూర్చోమన్నారు. ఆ రెండు గంటలూ వాళ్లు జగ్గయ్యగారిని ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు. ఆయన అదే జవాబు చెబుతూనే ఉన్నారు, ప్రతిసారీ ఇంకొంచెం మెల్లగా. మధ్యలో టీ వచ్చింది. నేను కప్పు ముట్టుకోలేదు.

పదకొండయింది. పదకొండూ పది అయింది. గడి ఆకుపచ్చగానే "దిగొచ్చు" అంటోంది. అప్పుడు మెనూ తెరిచి "మళ్లీ చూడు" నొక్కాను. ఎర్రబడింది. "బుధవారం ఒంటిగంటా ఇరవై అయిదుకి దీన్ని నొక్కింది నేనే సార్. అంతకుముందు ఆకుపచ్చగానే ఉంది. మా ఆడపడుచు ముందే చెప్పింది, నేను మీకు చెప్పలేదు" అని షీటు చరిత్ర తీసి చూపించాను. దేవీప్రసాద్ గారు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "సుద్ద మానమన్నది నేను" అన్నారు, ఎవరితోనో తెలీదు.

నన్ను రేపటినుంచి రావద్దన్నారు. కాగితం తరవాత వస్తుందట. కేసు అవుతుందో లేదో తెలీదు. జగ్గయ్యగారు రేపు మొదటి షిఫ్టుకి ఎక్కుతున్నారు. అలేఖ్యకి ఫోన్ చేసి చెప్పాను. "సూరన్న ఎలా ఉన్నాడు వదినా" అని అడిగింది. ఆదివారం ఇద్దరం కలిసి ఆసుపత్రికి వెళ్తున్నాం.

గేటు దగ్గర జగ్గయ్యగారు నాకోసం ఆగి ఉన్నారు. తిడతారనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"నొక్కినప్పుడు అది పచ్చగున్నాదని నీకు తెలుసా అమ్మా?" అన్నారు.

"తెలుసు బాబాయ్."

ఆయన జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి చూపించారు. పాత గాజువాక కంటి ఆసుపత్రి చీటీ, శనివారం తారీకుతో ఉంది. "అందరూ ఎర్రగున్నాదంటే, నా కల్లే పోనాయనుకున్నానమ్మా. రంగుల బొమ్మలు సూపించి సదవమన్నారు. అన్నీ సదివినాను. బాగానే ఉన్నాయి అన్నాడు డాట్రు. అయినా నమ్మకం సాల్లేదు. ఇయాల వరకూ నా కల్లు నాను నమ్మనేదు."

అంతే అన్నారు. చీటీ మళ్లీ జేబులో పెట్టుకుని గాజువాక ఆటో ఎక్కారు. ఆ ఆటోలో ఇంకా చోటుంది. నేను ఎక్కలేక తరవాతి దానికోసం నిలబడ్డాను.

మీరు వచ్చాక నన్ను ఏమన్నా పడతాను. ఈ ఒక్కదానికీ "పోనీలే" మాత్రం అనకండి.

ఇట్లు,
మీకు చెప్పకుండా ఏదీ దాచుకోలేని
మీ భార్య,
కుసుమకుమారి