టైలరు కట్టిన వంటిల్లు

అక్టోబరు 27, ఆదివారం

కొత్త నోటు పుస్తకం, మొదటి పేజీ. నేనేం రాస్తున్నానో ఎనిఫా పక్కనే కూర్చుని చూస్తోంది.

పెళ్ళయి ఐదు వారాలు. మాలో మొగుడే పెళ్ళాం ఊరికి వస్తాడు. వచ్చాను. వాళ్ళిచ్చిన ఇల్లు ఒక్క గది, వంటిల్లు లేదు. వంటిల్లు లేనంతవరకు మాది వేరు కాపురం కిందికి రాదు. రాత్రి తిండి అత్తగారి పొయ్యి మీదే. వరండాలో మామగారు, బావమరిది, నేను ఒక పళ్ళెం చుట్టూ కూర్చుంటాం. లోపల ఆడవాళ్ళతో ఎనిఫా. మామగారు మాట్లాడరు. బావమరిది చేప తలకాయలన్నీ ముందే ఏరుకుంటాడు. ఈ ఐదు వారాల్లో నా భార్యతో కలిసి ఒక్క ముద్ద తినలేదు. మా గదిలో తిందామంటే పడుకునే చోటికి పళ్ళెం పోకూడదని అత్తగారి నియమం.

ఇవాళ చర్చి అయ్యాక ఎనిఫా మేనమామ జైలోసి గారు వచ్చారు. ఆ వైపు పెళ్ళిపెద్ద ఆయనే. కాపురం బాగున్నా బాగోకపోయినా ఆయన మాటే చివరి మాట. వెళ్తూ సైకిలెక్కి, ఒక కాలు నేల మీద ఆనించి అన్నారు:

"అల్లుడూ, నవంబరు ఇరవై నాలుగు ఆదివారం మళ్ళీ వస్తాను. వానలు ముదరకముందే వంటిల్లు నిలబెట్టు. నిలబడిందా, ఆ రోజు నుంచి మీ పొయ్యి మీది. తలుపేసుకుని ఎలా తింటారో ఎవరూ అడగరు. లేదా, వచ్చే కోతల దాకా మీ అత్త వంటే."

"నిలబెడతాను మామయ్యా."

"సూదితో కాదు సుమా!" అని తొక్కుకుంటూ పోయారు.

నేను టైలర్ని. సంత దగ్గర కొట్టు వరండాలో నా మిషను. టైలరంటే ఈ ఊళ్ళో ఇంతే మర్యాద.

ఇద్దరం కూర్చుని తీర్మానించినవి:

1. పొద్దున్న అయిదింటికి లేవడం. ఇద్దరూ.
2. రోజుకి వంద పచ్చి ఇటుకలు. ఒక రోజు నేను నీళ్ళు మోస్తే ఎనిఫా అచ్చు పోస్తుంది. మర్నాడు తారుమారు.
3. మధ్యాహ్నం వంట మాదే, పెరట్లో మూడు రాళ్ళ మీద. ఒక రోజు తెడ్డు నాది, ఒక రోజు ఆమెది.
4. ఎవరి సాయమూ తీసుకోకూడదు. ముఖ్యంగా వాళ్ళమ్మ సాయం.
5. అలగకూడదు.

నాలుగో దానికి ఎనిఫా కొంచెం మొహం పెట్టింది. సంతకం మాత్రం చేసింది.

అక్టోబరు 28, సోమవారం

5:00. లేచాం! కోడి కంటే ముందు!

5:30. పుట్టమన్ను తవ్వకం. ఎనిఫా తొక్కుతోంది. నీళ్ళ వంతు నాది.

6:00. బోరింగు. పదకొండు మంది ఆడవాళ్ళు, నేను. నాఫిరి అనే ఆవిడ బోరింగు కమిటీకి పెద్ద. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏం నాయనా, పెళ్ళాం చచ్చిందా?"

"లేదమ్మా, ఇటుకలు పోస్తోంది."

ఎవరూ ఒక నిమిషం పాటు పంపు కొట్టలేదు. తరవాత నాఫిరి తన చుట్టకుదురు తీసి నా నెత్తి మీద పెట్టి, బిందె ఎత్తింది. "మెడ కదపకు. నడుము కదుపు. ఆఁ, అలా కాదు, పురిటికి పోతున్నట్టున్నావు."

సగం నీళ్ళు చొక్కాలోకి పోయాయి. అయినా నూట పన్నెండు ఇటుకలు! నెలాఖరుకి రెండు వంటిళ్ళు కట్టొచ్చు. రెండోది ఎవరికివ్వాలో ఆలోచిస్తున్నాం.

అక్టోబరు 29, మంగళవారం

ఇటుకలు: 104. అచ్చు నేనే పోశాను. అంచులు నీట్‌గా వచ్చాయి. కత్తెర పట్టిన చెయ్యి మరి!

మధ్యాహ్నం తెడ్డు నాది. న్సీమా వండటం తేలికే. నీళ్ళలో కొంచెం మొక్కజొన్న పిండి వేసి జావ కాచాలి. ఉడికాక మిగతా పిండి కొంచెం కొంచెంగా పోస్తూ గట్టిపడేదాకా తిప్పాలి. నేను మొత్తం ఒకేసారి పోశాను. పని తొందరగా అవుతుందని.

ఉండలు. ఒక్కొక్కటి కోడిగుడ్డంత. పగలగొడితే లోపల పొడి పిండి. చేతి మీద మూడు చోట్ల కాలింది.

నేను తిప్పుతుంటే తొమ్మిది ఇళ్ళ వాళ్ళు ఉప్పు అడగడానికి వచ్చారు. తొమ్మిదో ఆవిడ ఉప్పు తీసుకోవడం మరిచి వెళ్ళిపోయింది.

నేను గడప మీద, ఎనిఫా పొయ్యి దగ్గర కూర్చుని తిన్నాం. పెరట్లో అందరి కళ్ళ ముందూ ఒకే పళ్ళెం కుదరదు. ఎనిఫా అక్కడి నుంచే అడిగింది, "ఎన్ని ఉండలొచ్చాయి?"

"ఏడు."

"నాకు పది."

నవంబరు 1, శుక్రవారం

5:40. లేచాం. నలభై నిమిషాలు పెద్ద లెక్కేం కాదు.

ఇటుకలు: 64. వాటిలో పధ్నాలుగింటి మీద కుక్క నడిచింది. అవీ ఇటుకలే.

నవంబరు 4, సోమవారం

7:00.

చర్చి ఆడవాళ్ళ సంఘానికి పదిహేను తెల్ల జాకెట్లు కుట్టాలట. దేవుడి పని. కాదనలేను. ఎనిఫాకి నడుము నొప్పి. అదీ కాదనలేను.

ఇటుకలు: 30. కాస్త పెద్దవి పోశాను.

నవంబరు 8, శుక్రవారం

ఇటుకలు: 0.

కారణాలు:
ఎండ.
మళ్ళీ ఎండ.
అచ్చు పెట్టె పగిలింది. (పగిలేలా నేనే దాని మీద కూర్చున్నాను. కావాలని కాదు.)

వంట చేయలేదు. కొట్టు వెనకాల నిలబడి చెరో నాలుగు మందాసీలు తిన్నాం. నూనెలో వేయించిన ఆ పిండి ఉండలు మేం వండినదాని కంటే ఎంతో నయం. కలిసి తిన్నట్టే కదా అన్నాను. ఎనిఫా కాగితానికి చెయ్యి తుడుచుకుంది. "నిలబడి, అటు తిరిగి, దొంగల్లా తింటే లెక్కలోకి రాదు" అంది.

నిజమే. రేపటి నుంచి గట్టిగా మొదలుపెట్టాలి.

నవంబరు 11, సోమవారం

రెండు వందల కొత్త ఇటుకలు! వరసలు వరసలుగా!

ఎనిఫా చూసి ఆగిపోయింది. "ఎప్పుడు పోశావు ఇవన్నీ?"

"నువ్వు లేవకముందు."

"రెండు రోజుల్లోనా?"

"పట్టుదల."

పోసింది మేస్త్రీ గోలియాతి. కూలి కింద ఒక ప్యాంటు, రెండు జేబులు, వెనక గుండీతో. ఈ పుస్తకం ఇకమీద మిషను సొరుగులో పెడతాను.

మధ్యాహ్నం తెడ్డు ఎనిఫాది. న్సీమా వెన్నలా ఉంది! గుమ్మడాకు కూరలో వేరుశెనగ పొడి ఎంత పడాలో అంతే పడింది. మెచ్చుకున్నాను. తల వంచుకుంది.

ఈ రుచి ఎక్కడో చూశాను.

నవంబరు 13, బుధవారం

గోలియాతి కొలతలివ్వడానికి కొట్టుకి రాక ఇంటికొచ్చాడు. నేను పెరట్లో ఉన్నాను. ఎనిఫా కూడా.

"టైలరూ, నడుము దగ్గర కాస్త వదులు పెట్టు. మీ ఇటుకల మట్టి తొక్కి తొక్కి పొట్ట తగ్గింది. మళ్ళీ వస్తుంది."

ఎనిఫా నా వైపు చూసింది. నేను టేపు వైపు చూశాను.

"పట్టుదలా?" అంది.

అప్పుడే నా మోచెయ్యి తగిలి గట్టు మీదున్న గంప పక్కకి జరిగింది. కింద కుండ. వాళ్ళమ్మ కుండ, చెవి విరిగింది, ఊరంతటికీ తెలుసు. మూత తీశాను. వేడి వేడి బీన్సు కూర.

"నడుము నొప్పా?" అన్నాను.

గోలియాతి కొలతలు రేపిస్తానని వెళ్ళిపోయాడు.

4:00. ఇద్దరం అలిగాం. ఐదో తీర్మానం పోయింది. నాలుగు ముందే పోయింది. మూడూ పోయింది. రెండు సంగతి రాయను. ఒకటో తీర్మానం కోడికి వదిలేశాం.

నవంబరు 15, శుక్రవారం

పది రోజులు కూడా లేవు. అలక మానేశాం, తీరిక లేక. గోలియాతి గోడలెత్తుతున్నాడు. ప్యాంటుకి తోడు చొక్కా కూడా ఒప్పుకున్నాను. మేం మట్టి అందిస్తున్నాం.

గుమ్మం కొలత నన్ను చెప్పమన్నాడు. కొలతలంటే నా పని! ఎనిఫాని నిలబెట్టి టేపు పట్టాను. ఎత్తు, భుజాలు, తుంట్లు. చుట్టూ నాలుగు వేళ్ళ వదులు. ఆమె వంటిల్లు, ఆమె గుమ్మం.

"ఇదేం కొలత?" అన్నాడు గోలియాతి.

"సరిగ్గా సరిపోయే కొలత."

నవంబరు 17, ఆదివారం

అత్తగారు వంటిల్లు చూడ్డానికి వచ్చారు. ఆవిడ నిండైన మనిషి. గుమ్మం ముందు నిలబడ్డారు. ముందుగా ఎదురుగా వెళ్ళబోయారు. తరవాత పక్కకి తిరిగారు. భుజం వెళ్ళింది. ఇంకేమీ వెళ్ళలేదు.

అల్లుణ్ణి కాబట్టి నేను నేల చూపులు చూస్తున్నాను. నవ్వు ఆపుకుంటున్న చప్పుడు ఎనిఫాది.

"అల్లుడుగారూ, గుమ్మం ముద్దుగా ఉంది. మేనమామకి మాత్రం చూపించకండి. వాడు నాకంటే లావు."

నవంబరు 18, సోమవారం

జాకెట్టు బిగువైతే ఏం చేస్తాం? పక్క కుట్టు విప్పి వదులు చేస్తాం. చెరో వైపు ఒక వరస ఇటుకలు తీసేస్తే సరి.

గోలియాతి చేతులెత్తేశాడు. "టైలరూ, గోడకి కుట్టు ఉండదయ్యా. పై బరువు దేని మీద నిలుస్తుంది?"

"రెండు వరసలే కదా."

"నీ పాపం నువ్వు కట్టుకో" అని వెళ్ళిపోయాడు. నేనే తీశాను. ఎనిఫా ఇటుకలు అందుకుంది. మొదటి రోజు తరవాత ఇద్దరమే కలిసి చేసిన పని ఇదే. సరదాగానే సాగింది.

నవంబరు 20, బుధవారం

ఎడమ గోడ కొంచెం వాలింది. దూరం నుంచి చూస్తే కనపడదు. దగ్గర నుంచి చూస్తే కనపడుతుంది.

రెండు కర్రలు పోటు పెట్టాం. కర్రలకి ఎనిఫా సున్నం వేసింది, అందానికి పెట్టినట్టుంటుందని.

నవంబరు 23, శనివారం

కప్పు గడ్డి సగం వేశాం. మిగతా సగం గడ్డి ఇంకా కొండ మీదే ఉంది.

3:15. తొలి వాన.

3:20. గోడ ఇంకొంచెం వాలింది.

నవంబరు 24, ఆదివారం

10:00. జైలోసి మామయ్య వచ్చారు. సైకిలు దిగి, నీళ్ళు తాగి, వంటింటి చుట్టూ మూడు సార్లు తిరిగారు. సున్నం వేసిన కర్రల్ని చూశారు. గుమ్మాన్ని చూశారు.

"ఎడ్లబండి లోపల పెడతారా?"

ఎవరూ నవ్వలేదు. అత్తగారు దగ్గారు.

ఒక్క వేలితో గోడని నెట్టారు. వేలు తీశాక కూడా గోడ కాసేపు కదులుతూనే ఉంది.

"ఎవరు కట్టారు?"

కలిసి కట్టాం అని చెప్పాలనుకున్నాం. నోరు తెరిచాను. ఎనిఫా ముందే చెప్పేసింది. "ఇటుకలు గోలియాతి పోశాడు మామయ్యా. వంట అమ్మ చేసింది. పాడు చెయ్యడం మాత్రం ఇద్దరం కలిసి చేశాం."

ఆయన చాలాసేపు గోడనే చూశారు. నవ్వు ఆపుకుంటున్నట్టు మీసం దువ్వుకున్నారు. తరవాత తీర్పు చెప్పారు.

"దీని కింద నిప్పు పెట్టడానికి వీల్లేదు. నా మేనకోడలు దీని కింద కూర్చుని వండితే నాకు నిద్ర పట్టదు. పోట్లు ఇంకో నాలుగు వెయ్యండి, గడ్డి పూర్తి చెయ్యండి. మేకలకి పనికొస్తుంది. ఎల్లుండి నా మేకని పంపుతాను, పెంచండి. మీ రాత్రి తిండి వచ్చే కోతల దాకా అత్త దగ్గరే."

ఎనిఫా నడుముకి చుట్టుకున్న చితెంజె గుడ్డ విప్పి మళ్ళీ కట్టుకుంది. రాత్రి వరండాలో కూర్చున్నాను. బావమరిది మొదటిసారి ఒక చేప తలకాయ నా వైపు తోశాడు. అది ఇంకా బాధగా ఉంది.

నవంబరు 26, మంగళవారం

9:00. మేక వచ్చింది. నల్లది, గడ్డం ఉంది. జైలోసి మామయ్య పోలికలే.

12:30. మూడు రాళ్ళ మీద వంట. వాన తుంపర. ఇద్దరం కలిసి తిప్పాం, ఆమె పిండి పోసింది, నేను తెడ్డు పట్టాను. ఉండలు రెండే! ఎండు చేపల కూర. ఎనిఫా అంతా ఒకే పళ్ళెంలో వడ్డించింది. దాని మీద ఒక గంప బోర్లించి, మొక్కజొన్న ఆకులు కప్పింది.

"పద, మేకకి మేత వేద్దాం."

"ఇద్దరమా?"

"పెద్ద మేక."

మేకల కొట్టం వంటిల్లు కాదు. పడక గది అంతకన్నా కాదు. పళ్ళెం పోకూడదని దాని గురించి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. కొత్తగా వేసిన పోట్ల వైపు, పొడి నేల మీద, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నాం. ఒకే పళ్ళెం. ఎనిఫా చేప తలకాయ విరిచి సగం నా వైపు పెట్టింది. తింటుంటే ఆమె బుగ్గ ఒక పక్కకే ఉబ్బుతుందని ఇవాళే చూశాను. మేక ఆకులు నములుతూ ఇద్దరినీ చూసింది.

బయట అడుగుల చప్పుడు. ఆగింది. మేం నమలడం మానేశాం.

"అల్లుడుగారూ" అత్తగారి గొంతు. "మేక తింటోందా?"

"తింటోందత్తయ్యా."

"సరిపోయిందా దానికి?"

ఎనిఫా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను పళ్ళెం వైపు చూశాను. "ఇంకొంచెం కూరుంటే బాగుండునత్తయ్యా."

గుమ్మం బయట నేల మీద ఏదో పెట్టిన చప్పుడు, వెళ్ళిపోతున్న అడుగులు. ఎనిఫా చెయ్యి చాపి లోపలికి లాగింది. చిన్న కుండ, ఇంకా వేడిగా ఉంది.

సాయం తీసుకోకూడదన్న తీర్మానం ఇవాళ్టికి కొట్టేశాం. మేకకి ఇచ్చింది కాబట్టి.

కొత్త తీర్మానాలు, రేపటి నుంచి:

1. మధ్యాహ్నం పన్నెండున్నరకి మేకకి మేత. ఇద్దరూ. వాన వచ్చినా సరే, ఎవరు నవ్వినా సరే.
2. పొద్దున్నే లేచి, వాలిన గోడకి రోజుకి పది తట్టల మట్టి మెత్తాలి.

రెండోది ఎల్లుండి నుంచి మొదలుపెడదామని ఎనిఫా అంటోంది. రేపు బాగా వాన పడేలా ఉందట. పైకి చూశాను. మబ్బు లేదు.

ఎల్లుండి నుంచి.