అంగుళానికొక మెట్టు

ఇంట్లోని సమస్త వస్తువులపై సర్వాధికారిణి అయిన నా శ్రీమతికి,

నీ అనుమతి లేకుండా జరిగిన కొన్ని చర్యలను ఇందుమూలంగా నివేదిస్తున్నాను. నీ కేకు డబ్బా, తుడుపుకర్ర, నా పాత సైకిలు బ్రేకు తీగలు పూర్వపు విధుల నుంచి విముక్తి పొంది, బాంజో అనే తీగవాద్యంగా పునర్నియామకం పొందాయి. డబ్బా పక్కలకు చిల్లులు పొడిచి కర్ర దూర్చాను. తీగలు బిగించి, వాటి కింద మెట్లుగా అగ్గిపుల్లలు అతికించాను. పక్షపాతానికి తావు లేకుండా, ఆఫీసు స్కేలుతో కొలిచి, అంగుళానికొకటి.

మీటితే పిల్లి తోక తొక్కినట్టుంది. పై వాటా దర్జీ తొంగిచూసి, "సార్, మీరు దాన్ని వాయిస్తున్నారా, అదే మిమ్మల్ని తిడుతోందా? అమ్మగారొచ్చేదాకా ఆగండి, శ్రుతి ఆవిడకి తెలుసు" అన్నాడు. ఆ సంగతి అతనికెలా తెలిసిందో విచారించవలసి ఉంది.

మూడుసార్లు విప్పాను, మూడుసార్లు బిగించాను. కూర్చోలేను, నిలబడలేను. ఆఫీసు మూతపడి నేను ఇంటికి పరిమితమై నాలుగు నెలలు. నువ్వు మీ అక్క మోకాలి ఆపరేషనుకని వెళ్లి ఆరు వారాలు.

అసలు విషయాన్ని ఇంతవరకు వాయిదా వేశాను. పెళ్లయిన కొత్తలో నువ్వు వంటింట్లో పాడుతుంటే, "ఫైలు చూస్తున్నాను, కాస్త ఆపుతావా?" అన్నాను. ఆపావు. ఇరవై రెండేళ్లుగా ఈ ఇంట్లో మళ్లీ నీ పాట వినలేదు. ఆ ఉత్తర్వును రద్దు చేయడానికి నాకు నోరు పెగలలేదు. అందుకే ఈ డబ్బా. ఎప్పుడొస్తావో తెలియజేయగలవు.

నీ రాకకై నిరీక్షిస్తూ,
ఉత్తర్వు జారీ చేసినవాడు

*

ఏమండీ,

మీ నివేదిక అందింది. అక్కకు చదివి వినిపిస్తే, "ఆఫీసు మూతపడ్డా మీ ఆయనలో మాత్రం ఇంకా తెరిచే ఉందే!" అంది.

నేనూ ఒకటి దాచాను. నేను పాట మానలేదు. రోజూ మీరు వీధి మలుపు తిరగ్గానే మొదలుపెట్టి, సాయంత్రం గేటు చప్పుడు కాగానే ఆపేదాన్ని. దర్జీకి నా పాటలన్నీ కంఠతా వచ్చు. మీరు ఇంటిపట్టున ఉండిపోయాకే నిజంగా ఆగిపోయింది. ఊపిరాడలేదు. అక్క కర్ర లేకుండా నడవబట్టి మూడు వారాలైంది. నేనిక్కడ ఉండిపోయింది పాడుకోవడానికి. ఇక తిరిగి రాకూడదనే అనుకున్నాను.

మీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత ఏడ్చాను. అంగుళానికొక మెట్టు పెడితే ఏ పాటా పలకదండీ. డబ్బా వైపు వెళ్లేకొద్దీ మెట్లు దగ్గర దగ్గరగా జరగాలి. అతికించినవన్నీ పీకేయండి. ఆదివారం వస్తున్నాను. నేను పాడతాను. నా గొంతుతో తీగ ఎక్కడ కలిస్తే అక్కడ పుల్ల అతికించండి.

స్కేలు మాత్రం లోపల పెట్టేయండి.

ఇట్లు,
కేకు డబ్బా యజమానురాలు