మిరపకళ్లంలో దిగిన ఎగిరే బండి

హైమక్కా,

రోగిని ఎక్కించుకుని నంద్యాల ఆసుపత్రికి ఎగిరిపోయే బండిని చూపిద్దామని నువ్వు మొన్న దాన్ని మా ఊరి కళ్లంలో దింపినావు. ఆరబోసిన మిరపకాయలు ఎర్రని సుడిగాలై లేచినాయి. అందరి కళ్లూ మండినాయి. ఓబుళరెడ్డి పెదనాయన ఇంకా, "అది మందుల బండా, మసాలా బండా? మల్లా ఈడ దిగితే రాళ్లేస్తాం" అంటాండాడు.

మా వదినకు నెలలు నిండినాయి. పోయినసారి ఆళ్లగడ్డ దారిలో, ఆటోలోనే బిడ్డను పోగొట్టుకుంది. ఇప్పుడు ఆకాశంలో ఏ చప్పుడైనా కడుపు పట్టుకుని బయటికొస్తాంది.

నాయన వద్దన్నా, అమ్మా నేనూ మా ఇంటెనక కళ్లంలో కాయలు సరిగా ఎండకముందే ఎత్తేసినాం. బూజు పడితే పడనీ. నేలంతా ఊడ్చి నీళ్లు చల్లినాం. నేను ఫోన్ చేస్తే, ఊరికి భయపడి ఆగిపోవద్దక్కా.

నీ దారి చూసే
చెల్లెలు