తోక తెగిన మాట

పేచ్, మార్చి 1974

ప్రియమైన రొస్వితా అక్కా,

లోరాంద్‌కు పక్షవాతం వచ్చిందని టెలిగ్రాం ఇచ్చానే గాని, అసలు సంగతి చెప్పలేకపోయాను. కుడిచెయ్యి పూర్తిగా పడిపోయింది. మాట సగమే పోయింది. మిగిలిన ఆ సగమే నన్ను చంపుతోంది.

వీళ్ళ హంగేరియన్ సంగతి నీకు తెలుసుగా. మనం జర్మన్‌లో మాటకు మాట చేర్చి మూరెడు పొడవు చేస్తాం. పెళ్ళయిన కొత్తలో లోరాంద్ పగలబడి నవ్వేవాడు. "చేతులకేసుకునే తోలు తొడుగులు కత్తిరించి బతికేవాణ్ణి! వాటిని మీవాళ్ళు 'చేతిచెప్పులు' అంటారా? మరి కాళ్ళకేం వేసుకుంటారే?" నేనూ ఊరుకునేదాన్ని కాదు. "మీరేం తక్కువా? ఒక్క మాటకే తోక మీద తోక తగిలిస్తారు. మాట పూర్తయ్యేలోగా సూప్ చల్లారిపోతుంది!" అనేదాన్ని.

కానీ అక్కా, ఎవరు, ఎవరిని, ఎక్కడ అన్నదంతా ఆ తోకల్లోనే ఉంటుంది. 'నేను నిన్ను ప్రేమిస్తున్నాను' అనడానికి వాళ్ళకు 'సెరెత్లెక్' అన్న ఒక్క మాట చాలు. నేనూ నువ్వూ ఇద్దరం చివరి 'లెక్'లో ఇమిడిపోతాం.

ఇప్పుడతనికి తోకలు రావడం లేదు. మొదళ్ళే మిగిలాయి. నీళ్ళు. కిటికీ. నొప్పి. పోయిన ఆదివారం నా చెయ్యి పట్టుకుని "సెరెత్" అన్నాడు. అంతే. ఎవరు? ఎవరిని?

ఇంకో ఆడదైతే పొంగిపోయేది. నేను పొంగలేకపోయాను. ఇన్నేళ్ళూ నీ దగ్గర దాచాను. అతని తొడుగుల కార్ఖానాలోనే కుట్టుపని చేసే ఎటెల్కతో అతని సంబంధం ఊరంతటికీ తెలుసు. నాకు తెలుసని అతనికే తెలియదు. "ఎవరిని? నన్నా, దాన్నా?" అని భుజాలు పట్టి కుదిపేశాను. బిత్తరపోయి చూసి, మళ్ళీ అదే మాట అన్నాడు.

ఇక నా వల్ల కాదు. అతన్ని వాళ్ళ చెల్లెలికి అప్పగించి నీ దగ్గరికి వచ్చేస్తాను. మేడమీది గది సర్దించు.

నీ చెల్లెలు,
హెల్విగ్

పేచ్, మే 1974

అక్కా,

రాలేదని కోప్పడకు. మొన్ననే లోరాంద్‌ను మట్టిలో పెట్టాం.

పెట్టె సర్దుకున్న రోజే ఎటెల్క ఇంటికి వెళ్ళాను. తిట్టాలనే వెళ్ళాను. "నిన్నే తలుచుకుంటున్నాడేమో, వచ్చి చూసుకో" అన్నాను. ఆమె తెల్లబోయి, "నన్ను లోపలికి రానిస్తారా అండీ?" అంది.

ఆమెను చూడగానే లోరాంద్ గోడవైపు తిరిగిపోయాడు. ఎటెల్క మంచం చివర కూర్చుని అతని పాదాలు రుద్దింది. అతను ఆ గోడతోనే "సెరెత్" అన్నాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

అప్పట్నుంచి రోజూ వచ్చేది. ఆమె లేపి కూర్చోబెడితే నేను తినిపించేదాన్ని. నా పెట్టె సర్దినది సర్దినట్టే ఉండిపోయింది. ఒక పొద్దున, ఎటెల్క ఇంకా రాకముందే, పోయాడు. నీళ్ళడిగాడు. తెచ్చేలోగా అయిపోయింది.

ఖననం అయ్యాక వంటింట్లో పళ్ళాలు కడుగుతూ, నా వైపు చూడకుండా ఎటెల్క అడిగింది.

"పోయేముందు ఏమైనా అన్నాడా అండీ?"

"అన్నాడు."

"ఏమని?"

"పూర్తిగానే అన్నాడు, సెరెత్లెక్ అని. నీ పేరు పెట్టి మరీ."

తడిచేతుల్లోనే మొహం దాచుకుంది. "ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాతో ఆ మాట అనలేదండీ" అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. నేను ఆమె వీపు నిమిరాను. నిమురుతుంటే తెలిసొచ్చింది అక్కా, నాకు ఆ అబద్ధం చెప్పడానికి ఎవరూ లేరని.

శనివారం బయల్దేరుతున్నాను. స్టేషన్‌కు ఎవరినీ పంపకు, నువ్వే రా.

హెల్విగ్